లోయను లోకానికి చూపించిన కార్ల్‌టన్ వాట్కిన్స్

పని వెతుక్కుంటూ ఊరు విడిచి వచ్చినవాళ్లం మనమంతా. అందుకే ఈసారి అలాంటి ఒక మనిషి గురించి చెప్పుకుందాం. ఆయన మన భాషవాడు కాదు, మన కాలంవాడూ కాదు. అమెరికా పడమటి సీమ ఎలా ఉంటుందో కెమెరాతో లోకానికి చూపించిన కార్ల్‌టన్ వాట్కిన్స్.

వాట్కిన్స్ 1829లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనియోంటా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. ఆ మాట వినగానే ఎక్కడెక్కడి జనమో అటు పరుగు తీశారు. ఇరవై దాటిన వాట్కిన్స్ కూడా 1850ల మొదట్లో అక్కడికి చేరాడు. బంగారం మాత్రం కలిసిరాలేదు. తన ఊరివాడే అయిన కాలిస్ హంటింగ్టన్‌కు శాక్రమెంటోలో దుకాణం ఉంటే, అక్కడినుంచి గనులకు సరుకులు చేరవేశాడు. ఆ తర్వాత ఒక ఫోటో స్టూడియోలో చేరి, చూస్తూ చేస్తూ పని నేర్చుకున్నాడు. ఒక పనికని వచ్చి ఇంకో పనిలో నిలదొక్కుకున్నవాళ్లు మనలోనూ ఎంతమంది లేరు!

1861లో ఆయన యోసెమిటీ లోయకు వెళ్లాడు. అప్పట్లో ఫోటోను పెద్దది చేసి అచ్చువేసే వీలు లేదు. ఫోటో ఎంత కావాలో గాజుపలక అంత ఉండాలి. అందుకని 18 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవున్న పలకలు పట్టే కెమెరా చేయించుకున్నాడు. కెమెరా, గాజుపలకలు, మందు సీసాలు, చీకటి గుడారం అన్నీ కంచర గాడిదల మీద కొండదారుల్లో మోయించాడు. పలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే గుడారంలో కడగాలి. కాస్త ఆలస్యమైతే పలక పాడైపోయేది. ఆ తిప్పలన్నీ పడి 30 పెద్ద పలకలతో తిరిగొచ్చాడు.

ఆ ఫోటోలు 1862లో న్యూయార్క్‌లో ప్రదర్శనకు పెట్టారు. అప్పుడు దేశంలో అంతర్యుద్ధం నడుస్తోంది. తూర్పున ఉన్నవాళ్లకు పడమర అంటే గనులు, గొడవలు అనే తెలుసు. ఆకాశాన్నంటే బండలు, జలపాతాలు, మహావృక్షాలు కళ్లముందు కనబడేసరికి ఆ సీమ మీద వాళ్ల ఊహే మారిపోయింది. 1864లో అధ్యక్షుడు లింకన్ ఆ లోయను ప్రజలందరి కోసం కాపాడాలనే చట్టం మీద సంతకం చేశాడు. ఈ ఫోటోలు అందుకు తోడ్పడ్డాయని చరిత్రకారులు చెబుతారు. 1867లో పారిస్ ప్రదర్శనలో ఆయనకు పతకం వచ్చింది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ ఫోటోల్లో లోయ ఎవరూ లేని చోటులా కనిపిస్తుంది. నిజానికి ఆయన వెళ్లడానికి పదేళ్ల ముందు, 1851లో, ఒక సాయుధ దళం అక్కడ తరతరాలుగా ఉంటున్న అవానీచీ ప్రజల ఇళ్లు తగలబెట్టి వాళ్లను తరిమేసింది. బొమ్మ అబద్ధం కాదు, కానీ మొత్తం నిజమూ కాదు. పరాయి దేశం మెరిసే బొమ్మ చూసి బయలుదేరిన మనకు ఆ తేడా ఒకరు చెప్పనక్కర్లేదు.

పేరైతే వచ్చింది గానీ డబ్బు నిలవలేదు. మొదట్లో ఆయన ఫోటోలను ఇతరులు అడక్కుండానే కాపీ చేసి అమ్ముకున్నారు. 1870ల మధ్యలో వ్యాపారాలు దెబ్బతిని, అప్పుల కింద శాన్ ఫ్రాన్సిస్కోలోని గ్యాలరీ, గాజుపలకలు అన్నీ చేజారాయి. వాటినుంచే వేరే స్టూడియో యజమాని తన పేరుతో ఫోటోలు అచ్చువేసుకున్నాడు. నలభై ఐదు దాటిన వయసులో వాట్కిన్స్ మళ్లీ కెమెరా ఎత్తుకున్నాడు. వెళ్లిన చోట్లకే మళ్లీ వెళ్లి, తీసిన కొండలనే మళ్లీ తీశాడు. ఆ ఫోటోలకు కొత్త వరుస అని పేరు పెట్టుకున్నాడు.

1890లలో చూపు తగ్గింది. అద్దె కట్టలేక భార్యాబిడ్డలతో కొంతకాలం పాత రైలుపెట్టెలో కాపురముండాల్సి వచ్చింది. అప్పటికి రైల్వే కోటీశ్వరుడైన హంటింగ్టన్ ఒక చిన్న పొలం ఇచ్చి ఆదుకున్నాడు. 1906 ఏప్రిల్‌లో వచ్చిన భూకంపం, మంటలు శాన్ ఫ్రాన్సిస్కోలో ఆయన దాచుకున్న జీవితకాలపు పనిని బూడిద చేశాయి. 1910లో ఆయన్ని నాపాలోని మానసిక వైద్యశాలలో చేర్చారు. 1916లో అక్కడే కన్నుమూశాడు. ఆసుపత్రి ఆవరణలోనే పూడ్చారు. గుర్తుగా రాయి కూడా పెట్టలేదు.

యోసెమిటీలో ఒక శిఖరం మాత్రం ఈరోజుకీ ఆయన పేరుతోనే ఉంది. అమ్మిన ఫోటోలు ఊరూరా చెదిరిపోయి ఉండబట్టే మంటలకు చిక్కకుండా మిగిలాయి. ఇప్పుడు పెద్ద మ్యూజియంలు వాటిని భద్రంగా దాచుకున్నాయి.

మన చెమటతో లేచిన మేడల మీద మన పేరు ఉండదు. కనీసం మన కాగితాల మీదైనా ఉండాలి. ఒప్పందం, జీతం రసీదు, పాస్‌పోర్టు కాపీ ఒకటి మన దగ్గర, ఇంకొకటి ఇంటి దగ్గర ఉంచుకుందాం. అన్నీ ఒక్కచోటే పెట్టి పోగొట్టుకున్న వాట్కిన్స్ జీవితం చదివాక మాకు ముందుగా తోచిన మాట ఇదే.