చూపునిచ్చిన శస్త్రవైద్యుడు - డాక్టర్ ఎడ్వర్డ్ జిర్మ్

కార్నియా చెడి చూపు పోయినచో మరల రాదని లోకము నమ్మిన దినములలో, ఒక మానవుని కంటి పొరను వేరొక మానవునికి అమర్చి ఆ నమ్మకమును తొలగించిన వైద్యుడు ఎడ్వర్డ్ కొన్రాడ్ జిర్మ్. నేత్రవైద్య చరిత్రయందు సుప్రసిద్ధుడైన ఆ మహనీయుని జీవితమును సోదర విద్యార్థులకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

జిర్మ్ 1863లో వియన్నా నగరమున జన్మించెను. వైద్యవిద్య ముగించిన పిదప 1892లో ఓలోమౌట్స్ పట్టణమున నేత్రచికిత్సా విభాగమునకు అధిపతి అయ్యెను. నేడు చెక్ దేశమున నున్న ఆ పట్టణము నాడు ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యములోనిది.

కంటి ముందుభాగమున గడియారపు అద్దమువలె నుండు స్వచ్ఛమైన పొరయే కార్నియా. దెబ్బ తగిలి అది చిల్లుపడినచో లోపలి ద్రవము కారిపోవును, క్రిములు లోనికి చొచ్చును. కాలి మచ్చపడినచో వెలుతురు లోనికి పోదు. 19వ శతాబ్దమున పలువురు వైద్యులు జంతువుల కార్నియాను మనుష్యులకు అతుక యత్నించిరి. కాని ఆ అతుకులు మసకబారిపోయెను.

అలోయిస్ గ్లోగర్ అను కూలివాడు సున్నము పడి రెండు కన్నులును కాలిన స్థితిలో జిర్మ్ వద్దకు వచ్చెను. తాంబూలపు సున్నము చిమ్మి పసిపిల్లల కన్నులు చెడుట ఎరిగిన మనకు ఆ బాధ తెలియనిది కాదు. ఆ కాలముననే 11 ఏండ్ల బాలుని కంటిలోనికి ఇనుపముక్కలు దూసికొనిపోయెను. ఆ కంటిని కాపాడుట సాధ్యము గాక తీసివేయవలసి వచ్చెను. ఐనను దాని కార్నియా ఇంకను పనికివచ్చునని జిర్మ్ గ్రహించెను.

1905 డిసెంబరు 7వ తేదీన ఆయన ఆ కార్నియానుండి రెండు గుండ్రని బిళ్లలు కోసి, ఉప్పునీటితో తడిపిన శుభ్రమైన గుడ్డల నడుమ నుంచి, గ్లోగర్ కన్నులలో అమర్చెను. బిళ్లకు నేరుగా కుట్లు వేయు సన్నని దారములు నాడు లేవు. అందుచే పైనుండి అడ్డముగా పోవు దారములతో దానిని కదలకుండ నిలిపెను. ఒక కంట అతుకు విఫలమయ్యెను. రెండవ కంట అది నిర్మలముగా నిలిచెను. గ్లోగర్ మరల పనికి పోగలిగెను. మనుష్యుని కార్నియాయే మనుష్యునికి తగునని, పరిశుభ్రతయే ప్రాణమని ఆ చికిత్స చాటెను.

జిర్మ్ 1944లో పరమపదించెను. ఆ సంవత్సరముననే న్యూయార్కులో నేత్రనిధి వెలసెను. 1945లో మదరాసున మన దేశపు తొలి నేత్రనిధి ఏర్పడెను.

నేడు చిల్లుపడిన కార్నియాను సూక్ష్మదర్శిని క్రింద, వెంట్రుకకంటె సన్నని నైలాను దారముతో కుట్టుదురు. చిన్న రంధ్రమైనచో ప్రత్యేకమైన జిగురుతో మూయుదురు. కార్నియా కొంత ఊడిపోయినచో దాత ఇచ్చిన కార్నియాతో మాసిక వేయుదురు. ఈ మాసికకు మార్గదర్శకుడు జిర్మ్. ఐతే రోగి ఆలస్యము చేసినచో ఏ శస్త్రవిద్యయు చాలదు. కంటిలో ముక్క గ్రుచ్చుకొన్నచో నలుపరాదు, లాగరాదు. కన్ను నొక్కుకొనకుండ పైన కప్పు నుంచి వెంటనే వైద్యుని చేరవలెను. సున్నము పడినచో మాత్రము తత్క్షణమే మంచినీటితో చాలసేపు కడుగవలెను.

ఆ బాలుని కన్ను అతనికి దక్కకపోయినను ఒక కూలివాని కుటుంబమునకు అన్నము పెట్టెను. మరణించిన కొన్ని గంటలలోనే తీసికొనవలసిన ఈ దానమునకు ఇంటివారి అంగీకారము ముఖ్యము. కావున మన కళాశాల సంఘమువారు నేత్రదాన ప్రతిజ్ఞాపత్రములను తెలుగు, ఉర్దూ భాషలలో విద్యార్థులకు అందజేసి, వారి తల్లిదండ్రులకును తెలియజేయవలెనని సవినయముగా కోరుచున్నాము.