వరాహగిరి వేంకటగిరి

వి.వి.గిరిగా ప్రసిద్ధుడైన వరాహగిరి వేంకటగిరి భారతదేశపు నాలుగవ రాష్ట్రపతి (1969-1974), కార్మికోద్యమ నాయకుడు. ఈయన 1894 ఆగష్టు 10న బరంపురంలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించాడు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి 1916లో తిరిగివచ్చాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచి, ఉద్యోగాలు కోల్పోయినవారి కొరకు 1928లో సమ్మె నడిపాడు.

1952లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మికశాఖ మంత్రి అయ్యాడు. అప్పటికి 1950 నాటి పారిశ్రామిక వివాదాల అప్పిలేట్ ట్రిబ్యునల్ చట్టం అమలులో ఉంది. దాని ప్రకారం అప్పీలు విచారణలో ఉన్నంతకాలం, ఆ వివాదంతో సంబంధమున్న కార్మికుని తొలగించాలన్నా, శిక్షించాలన్నా యజమాని ట్రిబ్యునల్ నుండి వ్రాతపూర్వక అనుమతి పొందవలసి ఉండేది. చిన్న నిబంధనే గాని కార్మికునికి అది గొప్ప రక్షణ. తీర్పు వచ్చేలోగా ఉద్యోగమే పోతే గెలిచినా ప్రయోజనం స్వల్పం. అయినా గిరికి నిర్బంధ న్యాయనిర్ణయంపై నమ్మకం తక్కువ. యాజమాన్యం, కార్మిక సంఘం తామే చర్చించి ఒప్పందానికి రావాలని ఆయన వాదించేవాడు. ఈ వాదమే గిరి విధానంగా పేరుపొందింది.

విచిత్రమేమంటే ఆయన మంత్రిపదవి వదులుకున్నది ఆ ట్రిబ్యునల్ తీర్పు కోసమే. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో అది ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించగా, 1954లో రాజీనామా చేశాడు. ఆ ట్రిబ్యునల్ చట్టాన్ని 1956 నాటి సవరణ చట్టం రద్దుచేసింది.

గిరికి 1975లో భారతరత్న పురస్కారం లభించింది. 1980 జూన్‌లో మద్రాసులో మరణించాడు.