అజ్ఞాతకవుల ఆప్తుడు – సురవరం ప్రతాపరెడ్డి

పరిచయం లేని మనిషిని పలకరించడానికి మార్గాలు అనేకం. ఊరు అడగవచ్చు, పేరు అడగవచ్చు, యోగక్షేమాలు అడగవచ్చు. కాని ఒక వ్యక్తిని తన జీవితాన్ని గురించీ, తాను సాధించిన దానిని గురించీ చెప్పమని ఆదరంతో అడగడం వీటన్నిటికంటె ఉన్నతమైన పలకరింపు. ఆ ప్రశ్నలోనే గౌరవం ఉంది. తనను ఎవరూ ఎరుగరనుకొని మూలన కూర్చున్న మనిషి ఆ ఒక్క ప్రశ్నతో తలెత్తి నిలబడతాడు. అటువంటి ప్రశ్ననే నిజాం రాష్ట్రంలోని తెలుగు ప్రాంతమంతటికీ వినిపించేటట్లు అడిగిన మహనీయుడు సురవరం ప్రతాపరెడ్డి. ఆ ప్రశ్నకు సమాధానంగా వెలువడినదే గోలకొండ కవుల సంచిక.

ప్రతాపరెడ్డి 1896 మే 28న జన్మించారు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. ఆయన స్వగ్రామం ఇటిక్యాలపాడు నాటి మహబూబ్‌నగర్ జిల్లాలో, తుంగభద్రకు చేరువలో ఉన్న గ్రామం. నేడది జోగులాంబ గద్వాల జిల్లాలో చేరింది. ఏటికి ఆవల కర్నూలు, ఈవల అలంపురం. ఒక ఒడ్డున బ్రిటిషువారి మద్రాసు రాజధాని పాలన, మరొక ఒడ్డున నిజాం ప్రభువుల పాలన. రెండు ఒడ్లలోనూ మాట్లాడే భాష తెలుగే. ఒకే భాషను మాట్లాడే ప్రజలు రెండు పాలనల క్రింద ఎంత భిన్నంగా బ్రతుకుతున్నారో ఆయన చిన్ననాటినుండి చూశారు.

కర్నూలులో చదువుకొనే రోజులలో ఆయనకు సంస్కృతాంధ్ర సాహిత్యాలపై అభిరుచి కలిగింది. అనంతరం హైదరాబాదులోని నిజాం కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి, తరువాత బి.ఏ., బి.ఎల్. పట్టాలు పొందారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఫారసీ, ఆంగ్ల భాషలలో ప్రవేశం సంపాదించారు. న్యాయవాదవృత్తి ఆయనకు ధనాన్నీ, హోదాను సమకూర్చగలిగేదే. కాని ఆయన మనసు దానిపై నిలువలేదు. హైదరాబాదు కొత్వాలుగా పేరుపొందిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి ప్రోత్సాహంతో అక్కడి రెడ్డి హాస్టలు నిర్వహణ బాధ్యతను స్వీకరించారు. పల్లెలనుండి పట్నానికి చదువుకోసం వచ్చిన విద్యార్థులకు అది నివాసస్థలం. దానిని పుస్తకపఠనానికీ, భాషాభిమానానికీ నెలవుగా తీర్చిదిద్దడానికి ఆయన పాటుపడ్డారు.

ఆనాటి నిజాం రాష్ట్రంలో దాదాపు సగంమంది ప్రజలు తెలుగువారు. అయినప్పటికీ కచేరీలలోనూ, ఉన్నత విద్యలోనూ ఉర్దూదే పెత్తనం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే సాగింది. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో ఒక న్యాయవాది తెలుగులో మాట్లాడబోగా కొందరు సభికులు గేలిచేశారు. ఆ అవమానంనుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. సభ జరుపుకోవాలన్నా ప్రభుత్వ అనుమతి పొందవలసిన ఆ కాలంలో తెలుగు పత్రికను నడపడం సామాన్యమైన పని కాదు. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రిక, వరంగల్ జిల్లా ఇనుగుర్తినుండి తెనుగు పత్రిక వెలువడ్డాయి. ఆ తరువాత కొద్ది ఏండ్లకు, 1920వ దశకం నడుమ, ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాదునుండి గోలకొండ పత్రిక వెలువడసాగింది.

వారానికి రెండుసార్లు వెలువడే ఆ పత్రికకు ధనబలం తక్కువ, వ్రాసేవారు తక్కువ. అందువల్ల సంపాదకుడే అనేక కలంపేర్లతో వ్యాసాలూ, కథలూ, విమర్శలూ వ్రాయవలసి వచ్చింది. అయినా ఆ పత్రిక రాజధానికీ మారుమూల పల్లెకూ నడుమ ఒక వంతెనగా నిలిచింది. టపాలో వచ్చిన పత్రికను ఊరిలో ఒకరు చదివితే నలుగురు కూర్చుండి వినేవారు. తెలుగు చదువరులు నిజాం రాష్ట్రంలో ఎక్కడెక్కడ ఉన్నారో తెలుసుకోవడానికి ప్రతాపరెడ్డికి ఆ పత్రికకంటె మేలైన సాధనం లేదు.

ఆ రోజులలోనే ఒక పండితుడు నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న అభిప్రాయాన్ని ప్రకటించాడు. ఆ మాట తెలంగాణ సాహిత్యాభిమానుల మనసులను నొప్పించింది. పోతన పుట్టిన నేలపై కవులు లేరనడం, పాల్కురికి సోమనాథుని కన్న సీమలో కవిత్వం ఇంకిపోయిందనడం వారికి దుర్భరమైంది. గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆ ప్రభువుకే అంకితమిచ్చాడు. ఆ కాలంలోనే పొన్నికంటి తెలగన అచ్చతెనుగులో యయాతిచరిత్రను రచించి అమీన్‌ఖానుకు అంకితం చేశాడు. ఇంతటి చరిత్ర కలిగిన ప్రాంతానికి కవులు లేరన్న నింద పడింది.

నింద అన్యాయమైనదే. అయితే అది పుట్టడానికి కారణాలు లేకపోలేదు. ఆనాడు తెలుగు గ్రంథాలు అచ్చయ్యేది ఎక్కువగా మద్రాసు, రాజమహేంద్రవరం, బెజవాడ వంటి పట్టణాలలో. పేరున్న పత్రికలూ అక్కడివే. నిజాం రాష్ట్రంలో తెలుగు ముద్రణాలయాలు మిక్కిలి తక్కువ. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు మొదలైన సంస్థానాలలో పండితులకు ఆదరణ ఉన్నా, వారి కీర్తి చాలావరకు ఆ ఎల్లలు దాటి పోయేది కాదు. తక్కిన కవులు తమ పద్యాలను చేవ్రాతలోనే భద్రపరచుకొని, ఊరి రచ్చకట్టపైనో దేవాలయ మంటపంలోనో చదివి తృప్తిపడేవారు. అచ్చుకానిది లోకానికి కనిపించదు. కనిపించనిది లేదని తలచడం లోకం తీరు.

ప్రతాపరెడ్డి కోపంతో ఒక ఖండనవ్యాసం వ్రాసి ఊరుకొని ఉంటే అది కొన్ని వారాల వాదోపవాదంగా ముగిసిపోయేది. ఆయన అట్లా ఊరుకోలేదు. లేరన్న మాటకు ఉన్నారన్న మాట జవాబు కాదని, ఉన్నవారిని చూపడమే జవాబని గ్రహించారు. చూపాలంటే ముందుగా వెదకాలి. వెదకాలంటే అడగాలి. తాము రచించిన పద్యాలనూ, తమ వివరాలనూ పంపవలసిందిగా నిజాం రాష్ట్రంలోని కవులను గోలకొండ పత్రిక ద్వారా కోరారు.

ఈ కోరికలోని విశేషాన్ని గమనించాలి. అడిగినవాడు రాజధానిలోని ప్రముఖ సంపాదకుడు. అడుగబడినవారిలో పెక్కుమంది ఆయన ముఖమైనా చూడనివారు. ఆయనా వారిని ఎరుగరు. వారినుండి ఆయన ఆశించినది చందా కాదు, పొగడ్త కాదు. మీరెవరు, ఏ ఊరివారు, ఏమి వ్రాశారు అన్న ప్రశ్నలకు జవాబు మాత్రమే. అంతవరకు ఆ కవులలో అనేకులను ఆ ప్రశ్న అడిగినవారు లేరు. తన పద్యాన్ని తన ఊరు తప్ప వేరెవరూ వినరనుకొన్న కవికి, హైదరాబాదులో ఒకరు దానికోసం ఎదురుచూస్తున్నారన్న వార్త ఎంతటి ఉత్సాహాన్ని ఇచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

సమాధానాలు వచ్చాయి. పద్యాలు పోగుపడ్డాయి. వాటిని చదివి, ఎన్నుకొని, కవుల వివరాలను సరిచూసి, గ్రంథరూపానికి తేవడం పెద్ద శ్రమ. పత్రిక పనులు ఒకవంక, ధనాభావం మరొకవంక ఉన్నా ప్రతాపరెడ్డి వెనుకంజ వేయలేదు. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడింది. అందులో 354 మంది కవులు చోటుచేసుకొన్నారు. ఒక్కరూ లేరన్న సీమనుండి మూడువందల ఏబదినలుగురు లేచి నిలిచారు. వారు వేరువేరు జిల్లాలవారు, వేరువేరు కులాలవారు, వేరువేరు వయసులవారు. సంస్థానపండితుని ప్రక్కన పల్లెటూరి కవి పద్యమూ అచ్చయింది.

సంచికలోని పద్యాలన్నీ ఒకే స్థాయివి కావు. పండితప్రతిభ వెల్లివిరిసే పద్యాలతోపాటు తొలిప్రయత్నాలవంటివీ అందులో ఉన్నాయి. కాని ఆ గ్రంథం విలువను ఒక్కొక్క పద్యపు సొగసుతో మాత్రమే తూచరాదు. అది ఒక సాక్ష్యపత్రం. తన భాషకు పాఠశాలలో, న్యాయస్థానంలో, సభావేదికపై చోటు దొరకకపోయినా దానిని విడువక పద్యం కట్టిన మనుషుల పట్టిక అది. వ్రాస్తే బిరుదు వస్తుందన్న ఆశ లేదు. అచ్చవుతుందన్న నమ్మకమైనా లేదు. అయినా వ్రాశారు. ఆ పట్టుదలలోని స్ఫూర్తి వారి పేర్లు మరచిపోయిన తరాలకు కూడా అందుతూనే ఉంది.

ఆ సంచికవల్ల మరొక మేలు కలిగింది. అంతవరకు ఎవరి ఊరిలో వారు ఒంటరులైన కవులు ఒకే గ్రంథపు పుటలలో ఒకరినొకరు కలుసుకొన్నారు. ఆదిలాబాదు కవికి నల్లగొండ కవి తెలిశాడు. పాలమూరు పద్యం ఓరుగల్లు చేరింది. ఒక వ్యక్తి అడిగిన ప్రశ్న అందరినీ ఆయనతో కలపడమే కాక, వారిని పరస్పరం కలిపింది. ఒక అవమానానికి ఇంతకంటె సంస్కారవంతమైన ప్రతిక్రియ తెలుగు సాహిత్యచరిత్రలో అరుదు.

సామాన్యులను అడిగి తెలుసుకోవాలన్న ఈ దృష్టి ప్రతాపరెడ్డి ఇతర కృషిలోనూ కనిపిస్తుంది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచారు. మహనీయుల జీవితాలపై ఉన్న ఆదరంతో హైందవ ధర్మవీరులు అనే గ్రంథాన్ని, రాజా బహదూర్ వెంకటరామారెడ్డి జీవితచరిత్రను రచించారు. మొగలాయి కథలు, హిందువుల పండుగలు, రామాయణ విశేషములు ఆయన ఇతర రచనలలో ప్రసిద్ధమైనవి.

వీటన్నిటికీ మకుటాయమానమైనది 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అంతవరకు చరిత్ర అంటే రాజుల వంశావళులు, యుద్ధాలు, దానశాసనాలు. ప్రతాపరెడ్డి ఆ దారిని విడిచారు. తూర్పు చాళుక్యుల కాలంనుండి ఇరవయ్యో శతాబ్ది ఆరంభంవరకు తెలుగు ప్రజలు ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పండుగలు జరుపుకొన్నారు, ఏ పన్నులు చెల్లించారు అన్నవి ఆయన అడిగిన ప్రశ్నలు. సమాధానాలకోసం కావ్యాలను, శాసనాలను, సామెతలను, జనుల వాడుకను పరిశీలించారు. నిఘంటువులు అర్థం చెప్పని అనేక పదాలు తెలంగాణ, రాయలసీమ పల్లెలలో ఇంకా సజీవంగా ఉన్నాయని గుర్తించారు. నిఘంటువు మూగవోయినచోట పల్లెవాసి నోటిమాట ఆయనకు ప్రమాణమైంది. గోలకొండ కవుల సంచికలో పేరులేని కవిని వెదకిన చూపే, ఈ గ్రంథంలో పేరులేని ప్రజను వెదకింది.

1948లో హైదరాబాదు రాష్ట్రం భారత యూనియనులో విలీనమైంది. 1952 ఎన్నికలలో ప్రతాపరెడ్డి వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ప్రజాప్రతినిధిగా సేవచేసే అవకాశం ఎక్కువ కాలం దక్కలేదు. 1953 ఆగస్టు 25న ఆయన పరమపదించారు. ఆయన మరణానంతరం 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన మొట్టమొదటి గ్రంథం అదే. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై ఆయన విగ్రహం నెలకొన్నది. తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టే బిల్లును తెలంగాణ శాసనసభ 2025లో ఆమోదించింది.

ప్రతాపరెడ్డి జీవితం నేటి యువతకు ఒక స్పష్టమైన మార్గాన్ని చూపుతున్నది. ప్రతి గ్రామంలోనూ, ప్రతి వీధిలోనూ చెప్పదగిన జీవితాలు కలవారు ఉన్నారు. కరవుకాలంలో బావి తవ్వినవారు, రాత్రిబడి నడిపినవారు, పాతపాటలను కంఠస్థంగా కాపాడుకొంటున్నవారు మన నడుమనే తిరుగుతున్నారు. వారు తమంతట తాము చెప్పుకోరు. అడిగేవారు లేక వారి కథలు వారితోనే ముగిసిపోతున్నాయి. ఒక ప్రాంతంలో గొప్పవారు లేరని ఎవరైనా అన్నప్పుడు, నిజంగా లేరా, లేక ఇంతవరకు వారిని ఎవరూ అడుగలేదా అని ఆలోచించడం విజ్ఞుల లక్షణం. ఆ ఆలోచనను ఆచరణలో పెట్టి, తనకు తెలియని 354 మందిని జాతికి తెలిసినవారిగా చేసిన సురవరం ప్రతాపరెడ్డి తెలుగువారికి చిరస్మరణీయుడు.