విమానం వెనుక చెల్లెలు

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్లలో కుట్టుమిషన్ చప్పుడైతే కుట్టేది ఆడవాళ్లే అనుకుంటాం. అమెరికాలోని డేటన్ ఊళ్లో 1902లో గ్లైడర్ రెక్కలకు గుడ్డ కుట్టింది మాత్రం విల్బర్ రైట్! తమ్ముడు ఆర్విల్ గుర్తులు పెట్టేవాడు. మరి చెల్లెలు కాథరిన్? హైస్కూల్లో లాటిన్ పాఠాలు చెప్పేది.

1874లో పుట్టిన కాథరిన్‌కి పధ్నాలుగేళ్లప్పుడే తల్లి క్షయతో పోయింది. ఇంటి భారం ఆ పిల్ల మీద పడింది. అయినా చదువు మానలేదు. 1898లో డిగ్రీ పుచ్చుకుంది. తోబుట్టువుల్లో డిగ్రీ ఆమె ఒక్కదానికే.

1902-03 చలికాలమంతా అన్నలు తమ సైకిల్ షాపులోనే విమానం పని సాగించారు. మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో ఇంజన్ చేసిపెట్టాడు. తర్వాత రెక్కల నడిమి భాగం బిగిస్తే దారి మూసుకుపోయింది. గిరాకీ వస్తే పక్క తలుపులోంచి బయటికెళ్లి, చుట్టూ తిరిగి ముందుకు రావాల్సిందే! 1903 డిసెంబర్ 17న ఆ విమానం మొదటిసారి 12 సెకన్లు ఎగిరింది.

1908లో విమానం కూలి ఆర్విల్ గాయపడ్డాడు. కాథరిన్ స్కూలుకి సెలవు పెట్టి పరుగెత్తింది. వారాల తరబడి ఆస్పత్రిలో అతన్ని కనిపెట్టుకుని ఉంది. మళ్లీ ఉద్యోగంలో చేరనే లేదు.

1926లో, యాభై రెండేళ్ల వయసులో, ఆమె పెళ్లి చేసుకుంది. అదే ఆర్విల్ ఓర్వలేకపోయాడు. మాటలు మానేశాడు. 1929లో న్యుమోనియాతో ఆమె చివరి ఘడియల్లో ఉన్నప్పుడు గానీ చూడ్డానికి రాలేదు.

అన్న కోసం ఉద్యోగం వదులుకున్న చెల్లెలికి తన కోసం తాను చేసుకున్న పెళ్లే తప్పయింది.