దొంగతనం జరిగిందని ఠాణాకెళ్తే.. ఆయనే ముద్దాయి! కంప్యూటర్ మేధావి అలన్ ట్యూరింగ్ విషాద గాథ

జనగామ/మహబూబాబాద్/భూపాలపల్లి: మీ చేతిలోని ఫోన్ వెనక ఓ మనిషి ఆలోచన ఉంది. ఆయనే అలన్ ట్యూరింగ్. కంప్యూటర్ ఎలా పనిచేయొచ్చో 1936లోనే లెక్కగట్టి చూపిన బ్రిటన్ గణిత మేధావి. ఆ కుటుంబానికి తెలుగు నేలతోనూ బంధం ఉంది. తండ్రి జూలియస్ మద్రాస్ ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. అనంతపురం, బెజవాడ, కర్నూలు, పార్వతీపురం.. ఇలా ఊళ్లు తిరిగారు. అలన్ మాత్రం 1912 జూన్ 23న లండన్‌లో పుట్టారు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఎనిగ్మా రహస్య సంకేతాలను ఛేదించడంలో ఆయనది కీలక పాత్ర. పరుగులోనూ దిట్టే. 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల్లో పూర్తి చేశారు.

1952లో ఆయన ఇంట్లో దొంగలు పడ్డారు. అందరిలాగే పోలీసులకు చెప్పారు. విచారణలో ఆయనకు మరో యువకుడితో సంబంధం ఉందని తేలింది. ఇద్దరికీ ఇష్టమే. అయినా 1885 నాటి చట్టం ప్రకారం అది నేరం. సొమ్ము పోయినాయనే ముద్దాయి అయ్యారు!

ఇక మిగిలినవి రెండే దారులు. జైలా? కోరికను అణిచే హార్మోన్ మందులా? ఆయన మందులకే ఒప్పుకున్నారు. ఏడాది పాటు వాడారు. మారథాన్ పరిగెత్తిన ఒంట్లో రొమ్ములు పెరిగాయి. ప్రభుత్వ రహస్య పనుల నుంచీ దూరం పెట్టారు. 1954 జూన్ 7న సైనైడ్ విషంతో చనిపోయారు. అప్పటికి వయసు 41 ఏళ్లే. అధికారులు ఆత్మహత్య అన్నారు. తల్లి మాత్రం ప్రమాదమనే నమ్మారు.

బ్రిటన్ ప్రధాని 2009లో క్షమాపణ చెప్పారు. 2013లో రాజ క్షమాభిక్ష వచ్చింది. 2021లో 50 పౌండ్ల నోటుపై ఆయన బొమ్మ వేశారు. అన్నీ ఆయన పోయాకే.

మరి మన దగ్గర? ఇంగ్లిష్ వాళ్లు 1860లో రాసిన 377 సెక్షన్ మన జిల్లాల్లోనూ నడిచింది. ఇద్దరు పెద్దల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తేల్చింది.

చట్టం నేరమంటే ఏమవుతుంది? దెబ్బ తగిలినా ఠాణాకు పోరు. జబ్బు చేసినా డాక్టర్‌కు నిజం చెప్పరు. ఈ సెక్షన్‌కు భయపడి జనం దాక్కుంటున్నారని, హెచ్ఐవీ నివారణ కష్టమవుతోందని కేంద్ర సంస్థ నాకోనే ఢిల్లీ హైకోర్టుకు చెప్పింది.

చట్టం మారింది. భయం మాత్రం ఒక్క తీర్పుతో పోదు. లైంగిక ఇష్టాన్ని బట్టి మానసిక వైద్యంలో వివక్ష చూపొద్దని 2017 చట్టం చెబుతోంది. మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు.