కాటన్ దొర – పడవల కాలువలు

గోదావరి మండలమునకు అన్నము పెట్టిన మహనీయుడుగా సర్ ఆర్థర్ కాటన్ పేరు తెలుగునాట ఆబాలగోపాలమునకు తెలియును. ధవళేశ్వరము ఆనకట్టను తలచినంతనే ఆయన తలపునకు వచ్చును. అయితే ఆయన నీటికి రెండు పనులు అప్పగింపదలచెను. పంట పండించుట మొదటిది. పండిన పంటను రేవునకు చేర్చుట రెండవది. మొదటి పనిలో ఆయన సంపూర్ణముగ గెలిచెను. రెండవ పనిలో సగమే గెలిచెను. ఈ రెండవ కథ అంతగా ప్రచారమునకు రాలేదు.

కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండున జన్మించెను. పదునైదేండ్ల ప్రాయమున ఈస్టిండియా కంపెనీవారి సైనిక విద్యాలయమున చేరి, ఇంజనీరై, 1821లో మద్రాసునకు వచ్చెను. తొలినాళ్లలోనే భారతదేశమునకును సింహళమునకును నడుమనున్న పాంబను జలమార్గమును పరిశీలించు పని ఆయనకు లభించెను. పిదప కావేరీ తీరమున పనిచేసి, 1836లో కొళ్లిడము నదిపై ఆనకట్టలు కట్టించెను. మద్రాసు చెంత రెడ్ హిల్స్ నుండి రాళ్లు తరలించుటకు 1837లో నడచిన చిన్న రైలుమార్గము కూడ ఆయన పనియే. భారతదేశమున మొట్టమొదటి రైలుమార్గము అదియేనని చెప్పుదురు. అట్టివాడు తరువాతి కాలమున రైళ్లకు ప్రతిపక్షిగా నిలుచుట విశేషము.

ఆయన గోదావరి తీరమునకు వచ్చునాటికి ఆ సీమ కరవులతోను, వరదలతోను, తుపానులతోను చితికిపోయి యుండెను. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న మండల జనాభా ఇరువది యేండ్లలో 5 లక్షల 61 వేలకు దిగిపోయెను. కరవునకు వాన లేమి యొక్కటియే కారణము కాదనియు, ఒకచోట మిగిలిన ధాన్యము వేరొకచోటికి చేరుటకు దారి లేమియు కారణమేననియు కాటన్ గ్రహించెను. వానకాలమున నల్లరేగడిలో ఎద్దుబండి కదలదు. బండి కదలనిచోట రేవున్నను ఫలమేమి?

1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో ముగిసెను. దాని నుండి బయలుదేరిన పెద్ద కాలువలు పొలములకు నీరిచ్చుటతోపాటు పడవలకు బాటలయ్యెను. కాలువ మట్టము దిగుచోట్ల లాకులు కట్టిరి. లాకనగా ఇరువైపుల తలుపులున్న నీటి గది. పడవ లోనికి రాగానే వెనుక తలుపులు మూసి నీటిని మెల్లగా వదలుదురు. నీటితోపాటు పడవయు దిగువ మట్టమునకు దిగును. అప్పుడు ముందరి తలుపులు తెరతురు. ఎదురు వచ్చు పడవను ఇదే రీతిని పైకెత్తుదురు. ఇట్లు గోదావరి డెల్టాలో సుమారు 500 మైళ్ల పొడవున పడవలు నడచెను. తెరచాప ఎత్తియో, గట్టు వెంట తాడుతో లాగియో, ధాన్యమును ప్రత్తిని కాకినాడకు చేర్చిరి. పూర్వము ప్రసిద్ధికెక్కిన కోరంగి రేవు ఇసుక మేటలతో పూడిపోగా, కాకినాడ వర్ధిల్లెను. అచట పెద్ద ఓడలు ఒడ్డు చేరలేక కొన్ని మైళ్ల దూరమున లంగరు వేసెడివి. అయినను వెనుకనున్న కాలువల బలముతో ఆ రేవు నిలిచెను.

కాటన్ కోరిక అంతటితో ఆగలేదు. నాగపురము, బీరారు సీమల ప్రత్తిని గోదావరి మీదుగా కాకినాడకు దించవలెనని ఆయన సంకల్పించెను. నదిలో మూడుచోట్ల రాతి అడ్డంకులు కలవు. వానిని తప్పించుటకు దుమ్ముగూడెము వద్ద ఆనకట్టయు కాలువయు లాకులును నిర్మించిరి. ఇంతలో 1867లో బొంబాయి రైలు నాగపురము చేరెను. ప్రత్తి పడమటి దారి పట్టెను. 1871లో ప్రభుత్వము ఎగువ గోదావరి పనులను విడిచిపెట్టెను. సుంకేశుల నుండి కడపకు పడవలు నడపదలచి త్రవ్విన కాలువయు కంపెనీకి నష్టమునే మిగిల్చెను. 1882లో ప్రభుత్వము దానిని తీసికొనెను.

1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘము ఎదుట వృద్ధుడైన కాటన్ తన వాదమును వినిపించెను. ధాన్యము, కలప, ఉప్పు వంటి బరువు సరకులకు వేగముకంటె చౌక ముఖ్యమనియు, రైలు కంపెనీలకు నూటికి 5 వంతున లాభము హామీయిచ్చు ప్రభుత్వము కాలువలను ఉపేక్షించుచున్నదనియు ఆయన అభియోగము. ప్రతిపక్షుల మాటలోను సత్యము లేకపోలేదు. వేసవిలో నదులు ఎండును. మరమ్మతులకై కాలువలను ఏటేట మూయవలెను. కొండల మీదికి పడవ ఎక్కదు. సంఘము ఆయన పక్షము వహింపలేదు. ఆ యేడే కరవు పనులతో త్రవ్వి పొడిగించిన మద్రాసు కాలువకు బకింగుహాము పేరు పెట్టిరి. కృష్ణా కాలువలతో కలిసి అది కాకినాడ నుండి మద్రాసు దాటి మరక్కాణము వరకు ఒకే జలమార్గమయ్యెను.

1899 జులై 24వ తేదీన కాటన్ ఇంగ్లండున కన్నుమూసెను. మరుసటి యేడు రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలు వంతెన తెరచిరి. పడవల రాకపోకలు క్రమముగ తగ్గి, లాకుల తలుపులు తుప్పు పట్టెను. 2008లో భారత ప్రభుత్వము కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల ఆ కాలువలనే, గోదావరీ కృష్ణల కొన్ని భాగములతో చేర్చి, 4వ జాతీయ జలమార్గముగ ప్రకటించెను.

నేడు సరకులు కంటెయినర్లనెడి ఇనుప పెట్టెలలో ఓడ దిగి రైలుమీదికో లారీమీదికో మారుచున్నవి. 2003లో విశాఖపట్నమున అట్టి పెట్టెలకు ప్రత్యేకమైన టెర్మినలు వెలసెను. సాధనములు మారినను కాటన్ పట్టిన సూత్రము మారలేదు. రేవు విలువను దాని ముందున్న సముద్రమొక్కటియే నిర్ణయింపదు. దాని వెనుకనున్న త్రోవయు నిర్ణయించును. పడవయే అన్నిచోట్ల ఆ త్రోవ కాగలదని నమ్ముట ఆయన పొరపాటు కావచ్చును. కాని త్రోవ చౌక కానిదే పల్లెటూరి రైతునకు సముద్రము దక్కదని గుర్తించుట ఆయన దూరదృష్టి.