సత్యాన్వేషి ఫారడే

లండన్ నగరానికి చేరువలో ఒక పేద కమ్మరి కుటుంబం ఉండేది. ఆ ఇంట్లో 1791 సెప్టెంబరు 22న మైకేల్ ఫారడే జన్మించాడు. తండ్రి తరచు జబ్బు పడేవాడు. రోజు గడవడమే కష్టంగా ఉండేది. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు - ఫారడే బడిలో నేర్చుకున్నది అంతే. చిన్న వయసులోనే ఒక పుస్తకాల దుకాణంలో పనికి కుదిరాడు. మొదట పత్రికలు ఇంటింటికీ అందించేవాడు. తరువాత ఏడేళ్ళపాటు అక్కడే పుస్తకాలు బైండు చేసే పని నేర్చుకున్నాడు.

బైండింగుకు వచ్చిన పుస్తకాలే ఆ బాలుడికి గురువులయ్యాయి. పగలు కుట్టిన పుస్తకాన్ని తీరిక దొరికినప్పుడు చదివేవాడు. రసాయన శాస్త్రం, విద్యుత్తు అతణ్ణి ఆకట్టుకున్నాయి. చదివి ఊరుకోలేదు. చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో సామాను కొని, పుస్తకంలో చెప్పింది నిజమో కాదో స్వయంగా చేసి చూసేవాడు. అచ్చులో ఉన్నంత మాత్రాన దేనినీ నమ్మకూడదన్న పట్టుదల అతనికి అప్పుడే అలవడింది.

1812లో హంఫ్రీ డేవీ అనే గొప్ప శాస్త్రవేత్త ఉపన్యాసాలు వినే అవకాశం కలిగింది. విన్నదంతా బొమ్మలతో సహా రాసుకొని, చక్కగా బైండు చేసి డేవీకి పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో డేవీకి సహాయకుడయ్యాడు. 1831లో తీగచుట్టకూ అయస్కాంతానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించి, అయస్కాంతంతో విద్యుత్తును పుట్టించవచ్చని నిరూపించాడు. విద్యుత్ కేంద్రాలలో తిరిగే జనరేటర్లకు ఆ సూత్రమే ఆధారం.

1853లో ఇంగ్లండులో ఒక వింత వ్యామోహం బయలుదేరింది. కొందరు బల్ల చుట్టూ కూర్చుని, దానిమీద అరచేతులు ఆనించి ఎదురుచూసేవారు. కొంతసేపటికి బల్ల కదిలేది, తిరిగేది. తాము తోయలేదని అందరూ ప్రమాణపూర్తిగా చెప్పేవారు. అది విద్యుత్తు మహిమ అని కొందరు, అయస్కాంత శక్తి అని కొందరు, చనిపోయినవారి ఆత్మల పని అని మరికొందరు వాదించారు. చదువుకున్నవారు కూడా నమ్మారు. విద్యుత్తు పేరు వినిపించడంతో అందరి చూపూ ఫారడేమీద పడింది.

ఫారడే వారిని ఎగతాళి చేయలేదు. మోసగాళ్ళని నిందించనూ లేదు. పరీక్షకు తనకు తెలిసిన నిజాయితీపరులనే, బల్లను కదిలించడంలో పేరుపడినవారినే ఎంచుకున్నాడు. నునుపైన అట్టముక్కలు కొన్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, మధ్యమధ్య మెత్తని జిగురు ఉండలు అంటించాడు. ఆ దొంతరను బల్లమీద ఉంచి, పై అట్టమీద చేతులు ఆనించమన్నాడు. ఆత్మగాని మరో శక్తిగాని బల్లను లాగితే బల్ల ముందు కదలాలి, చేతులు వెనకబడాలి. చేతులే తోస్తే పై అట్టలు ముందుకు జరగాలి. బల్ల కదిలింది. అట్టలను పరీక్షించి చూస్తే పై అట్టలే ముందుకు జరిగి ఉన్నాయి. బల్లను తోసినవి చేతులే!

అంతటితో ఫారడే ఆగలేదు. రెండు పలుచని చెక్కల మధ్య గాజు కడ్డీలు పెట్టి, రబ్బరు పట్టీలతో కలిపి, వాటికి ఒక తేలికైన పుల్లను సూచికగా అమర్చాడు. చేతులు కాస్త పక్కకు నొక్కినా ఆ పుల్ల ఒరుగుతుంది. పుల్ల కనపడకుండా మూసి ఉంచినప్పుడు కూర్చున్నవారి చేతులు నొక్కుతూనే ఉన్నాయి. పుల్ల కంటికి ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం, వారు ఎంత ఆశగా ఎదురుచూసినా బల్ల కదలలేదు! తమ చేతులు చేస్తున్న పని తెలియగానే ఆ పని ఆగిపోయింది. వారు అబద్ధమాడలేదు. బల్ల కదలాలన్న కోరికే వారికి తెలియకుండా వారి కండరాలను నడిపించింది. ఇతరులను మోసగించనివాడు కూడా తనను తాను మోసగించుకోగలడని ఈ చిన్న పరికరం చాటింది.

ఫారడే ఈ ఫలితాలను పత్రికలలో ప్రకటించాడు. అయినా చాలామంది తమ నమ్మకాన్ని వదులుకోలేదు. దీనికి ఆయన ఎంతో బాధపడ్డాడు. 1854లో చేసిన ఒక ఉపన్యాసంలో, మనకు ఇష్టమైన అభిప్రాయాన్నే ఎక్కువ కఠినంగా పరీక్షించుకోవాలని బోధించాడు.

ఒకరి మనసులోని మాట మరొకరు దూరంనుంచే గ్రహించడాన్ని టెలిపతీ అంటారు. ఈ మాట ఫారడే మరణించిన పదిహేనేళ్ళకు, 1882లో పుట్టింది. అటువంటి శక్తి ఉందని ఎవరైనా చెబితే ఫారడే మార్గంలోనే పరీక్షించవచ్చు. ఒక గదిలో ఒకరు నాణెం ఇరవైసార్లు ఎగరవేసి, బొమ్మో బొరుసో చూసి రాసుకోవాలి. మరో గదిలో ఉన్నవారు తమకు తోచింది రాయాలి. ఊరికే ఊహించినా సుమారు పది సరిపోతాయి. కనుక పదికి ఒకటి రెండు ఎక్కువ వస్తే మహిమ అనుకోకూడదు. మళ్ళీ మళ్ళీ చేసి చూడాలి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోకూడదు. బల్లమీది చేతుల్లాగే ముఖం కూడా మనకు తెలియకుండా గుట్టు బయటపెడుతుంది.

ఫారడే ఆడంబరాలు కోరలేదు. సర్ బిరుదును వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని స్వీకరించలేదు. 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు. అయస్కాంతాన్ని పరీక్షించిన శ్రద్ధతోనే మనిషి నమ్మకాన్నీ పరీక్షించిన ఫారడే జీవితం సత్యాన్ని కోరేవారికి ఆదర్శం.